ప్రశ్న అడిగేది ఎవరు?
పత్రికల్లోనూ పాఠాల్లోనూ పౌర పాత్రికేయం

(మహిళా కార్యకర్తలు, స్వచ్ఛంద సంస్థల సిబ్బంది కోసం జరిగిన శిక్షణ శిబిరంలో ఒక పాత్రికేయురాలు చేసిన ప్రసంగ పాఠం)



ఈ శిబిరానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నన్ను 'మీడియా - మహిళ' అన్న అంశం మీద మాట్లాడమన్నారు. సినిమా పోస్టర్లలో మనల్ని ఎలా చూపిస్తున్నారు, ప్రకటనల్లో ఎలా వాడుకుంటున్నారు, సీరియళ్లలో ఎలా ఏడిపిస్తున్నారు అన్నది మీరు చాలా సభల్లో విన్నారు, మీరే మాట్లాడారు కూడా. అవి చిన్న విషయాలని నేననను. కానీ నేను పాతికేళ్లు పత్రికల్లో పని చేసి, ఆ తర్వాత జర్నలిజం పాఠాలు చెబుతున్న మనిషిని. నాకు బాగా తెలిసింది వార్త తయారయ్యే పద్ధతి. అందుకని ఈ రోజు దాని గురించే మాట్లాడతాను. వార్త తయారయ్యే చోట ప్రశ్న ఎవరు వేస్తున్నారు, ఎవరిని అడుగుతున్నారు, ఎవరి తరఫున అడుగుతున్నారు అన్నదే నా అంశం.

దీనికి 'సివిక్ జర్నలిజం' అని ఒక పేరుంది. పౌర పాత్రికేయం అనుకుందాం. ఈ మధ్య ఫోనుతో వీడియో తీసి పంపితే దాన్ని 'సిటిజన్ జర్నలిజం' అంటున్నారు. అది వేరు, ఇది వేరు. అక్కడ పౌరుడు విలేకరి పని చేస్తాడు. ఇక్కడ విలేకరి తన పనినే పౌరుల అవసరం వైపు నుంచి మొదలుపెడతాడు.

స్టవ్ పేలిన వార్త

ముందు ఒక పాత సంగతి చెబుతాను. 1980ల చివర్లో నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో చేరాను. రోజూ రాత్రి ఎనిమిదింటికి కంట్రిబ్యూటర్ల నుంచి వార్తలు వచ్చేవి. వారానికి రెండు మూడుసార్లు ఒకే వార్త వచ్చేది. ఊరి పేరూ మనిషి పేరూ మారేవి, మిగతాదంతా అదే. 'వంట చేస్తుండగా ప్రమాదవశాత్తు స్టవ్ పేలి వివాహిత మృతి.' నాలుగు వాక్యాలు, సింగిల్ కాలమ్. చివర్లో 'పోలీసులు కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నారు.'

ఆ వార్తలో అబద్ధం ఏదీ లేదని డెస్కులో అనేవారు. నిజమే, పోలీసులు చెప్పింది చెప్పినట్టే రాశారు. కానీ ఎవరినీ ఏమీ అడగలేదు. ఆమె పుట్టింటివాళ్లను అడగలేదు, పక్కింటివాళ్లను అడగలేదు. పెళ్లయి ఎన్నాళ్లయిందని కూడా అడగలేదు. అప్పటికే చట్టం మారింది. 1983లో భారతీయ శిక్షాస్మృతిలో 498ఎ సెక్షన్ వచ్చింది. 1986లో 304బి వచ్చింది. పెళ్లయిన ఏడేళ్లలోపు కాలిన గాయాలతోనో మరే అసహజమైన కారణంతోనో స్త్రీ చనిపోయి, అంతకు ముందు కట్నం కోసం వేధించారని తేలితే దాన్ని వరకట్న మరణంగా చూడాలని ఆ సెక్షన్ చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఇవే 85, 80 సెక్షన్లుగా ఉన్నాయి. అంటే 'పెళ్లయి ఎన్నేళ్లయింది?' అన్న ప్రశ్నకు చట్టంలోనే విలువ ఉంది. మా వార్తలో మాత్రం ఆ ప్రశ్నకు చోటు లేదు.

నేను ఆరు నెలల వార్తలు కత్తిరించి దాచాను. అన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, స్టవ్ పేలినప్పుడల్లా పోయింది ఆ ఇంటి కోడలే. అత్తగారు వంట చేస్తుండగా పేలిన వార్త ఒక్కటీ లేదు. దాని మీద ఒక వ్యాసం రాసి ఇస్తే, 'ఇది వార్త కాదమ్మా, కరపత్రం' అని పక్కన పెట్టేశారు. చాలా రోజుల తర్వాత అది మహిళల పేజీలో, వంటల కిందుగా, సగానికి కోసి వేశారు. మహిళా సంఘాలు ఊరూరా ఇదే ప్రశ్న అడుగుతున్న రోజులవి. వీధిలో వినిపిస్తున్న ప్రశ్న డెస్కు గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఇందులో ఏ ఒక్కరి దుర్మార్గమూ లేదు. ఉన్నదల్లా పద్ధతి. వార్త అంటే అధికారి చెప్పింది, నాయకుడు అన్నది, పోలీసు స్టేషన్లో నమోదైంది. జరిగిన సంఘటన వార్త. రోజూ జరుగుతున్న పరిస్థితి వార్త కాదు. ఆడవాళ్ల జీవితంలో ఎక్కువ భాగం రోజూ జరిగే పరిస్థితే కాబట్టి అది వార్తల్లోకి రాదు. వచ్చినా శవంగా వస్తుంది.

అమెరికాలో మొదలైన మాట

సివిక్ జర్నలిజం అన్న పేరు అమెరికాలో పుట్టింది. అక్కడి పరిస్థితి వేరు, మనది వేరు. అయినా వాళ్లేం చేశారో తెలుసుకోవడం మంచిది.

1988లో జార్జియా రాష్ట్రంలో కొలంబస్ అనే ఊరి పత్రిక, లెడ్జర్-ఎన్‌క్వైరర్, ఊరి భవిష్యత్తు గురించి ఒక పెద్ద వరస కథనాలు వేసింది. ఉద్యోగాలు, చదువులు, రోడ్లు అన్నీ రాసింది. ఎవరూ కదల్లేదు. అప్పుడు సంపాదకుడు జాక్ స్విఫ్ట్, రాసి ఊరుకుంటే సరిపోదని, ఊరి జనాన్ని ఒక సమావేశానికి పిలిచాడు. జనం వచ్చారు, మాట్లాడారు, కమిటీలు వేసుకున్నారు. పత్రికవాళ్లు ఇలా చేయవచ్చా అన్న చర్చ అప్పుడే మొదలైంది.

అదే సంవత్సరం జరిగిన అధ్యక్ష ఎన్నికల వార్తలు చాలామంది పాత్రికేయులకు అసహ్యం పుట్టించాయి. ఎవరు ముందున్నారు, ఎవరు వెనకబడ్డారు అనే గుర్రప్పందెం తప్ప జనానికి కావలసిన విషయం లేదు. కాన్సాస్‌లో విచిత ఈగిల్ సంపాదకుడు డేవిస్ మెరిట్ 1990 గవర్నరు ఎన్నికల్లో ఈ పద్ధతి మార్చాడు. ముందు ఓటర్లను అడిగి వాళ్లకు ముఖ్యమైన సమస్యలేవో తెలుసుకున్నాడు. ఆ సమస్యల మీద అభ్యర్థులు ఏమంటున్నారో, ఏమీ అనకపోతే ఆ మాటా, వరసగా వేశాడు.

1992లో షార్లట్ అబ్జర్వర్ పత్రిక ఇంకొంచెం ముందుకు పోయింది. పాఠకుల ప్రశ్నలను అభ్యర్థుల ముందు పెట్టింది. పర్యావరణం మీద అడిగిన ఒక ప్రశ్నకు సెనేటర్ టెర్రీ శాన్‌ఫర్డ్ ఇప్పుడు జవాబు చెప్పను, అసలు ఎన్నికల ప్రచారం మొదలయ్యాక చెబుతానన్నాడు. సంపాదకుడు రిచ్ ఒపెల్, అలాగైతే మీ పేరు కింద ఖాళీ వదిలి అచ్చు వేస్తామన్నాడు. సెనేటర్ వెంటనే జవాబు పంపాడు. ఈ సంగతి నేను ప్రతి ఏడాదీ క్లాసులో చెబుతాను. ఒక ఖాళీ జాగా ఎంత పెద్ద ప్రశ్న అవుతుందో పిల్లలకు వెంటనే అర్థమవుతుంది.

ఒహయోలో అక్రన్ బీకన్ జర్నల్ 1993లో నల్లవారికీ తెల్లవారికీ మధ్య సంబంధాల మీద ఏడాది పొడుగునా కథనాలు వేసింది. చివర్లో పాఠకులను, కొత్త సంవత్సరంలో జాతుల మధ్య సామరస్యం కోసం ఏదైనా చేస్తామని మాట ఇస్తూ కూపన్ పంపమంది. సుమారు 22,000 మంది పంపారు. ఆ పనికి 1994లో పులిట్జర్ బహుమతి వచ్చింది.

వాషింగ్టన్‌లో 1993లో ప్యూ సంస్థ డబ్బుతో ఒక సివిక్ జర్నలిజం కేంద్రం మొదలైంది. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో జే రోసెన్ అనే అధ్యాపకుడు దీనికి సిద్ధాంతం సమకూర్చాడు. ఆ కేంద్రం 2003లో మూతపడింది. బయటి నిధుల మీద నిలబడిన పని నిధులు ఆగితే ఏమవుతుందో స్వచ్ఛంద సంస్థల్లో ఉన్న మీకు నేను చెప్పనక్కర్లేదు. అమ్మకాలు తగ్గుతున్నాయన్న భయంతో కొన్ని యాజమాన్యాలు దీన్ని ఎత్తుకున్నాయన్న విమర్శ ఉంది. పాత్రికేయులు కార్యకర్తలైపోతున్నారన్న విమర్శ ఇంకా గట్టిగా వచ్చింది. ఈ రెండో విమర్శకు తర్వాత వస్తాను.

నెల్లూరు చెప్పిన పాఠం

మనకు ఆ పేరు తెలియకముందే మన దగ్గర ఆ పని జరిగింది. 1874లో కందుకూరి వీరేశలింగం 'వివేకవర్ధని' మొదలుపెట్టి, రాజమండ్రిలో అధికారుల లంచాలను బయటపెట్టారు, వితంతు వివాహాల కోసం వాదించారు. కానీ ఆయన జనాన్ని సంస్కరించాలనుకున్నారు. జనం తమంతట తామే ప్రశ్న అడగడం, పత్రిక దాన్ని అందుకోవడం మనం స్పష్టంగా చూసింది సారా వ్యతిరేక ఉద్యమంలో.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి మీకందరికీ తెలుసు. అక్షరాస్యతా ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద ఉన్న పాఠం చదివి, తమ ఊరి గురించే మాట్లాడుకున్నారు. దూబగుంట రోశమ్మ పేరు అలా బయటి ప్రపంచానికి తెలిసింది. 'వారుణి వాహిని' పేరుతో సారాను ప్యాకెట్లలో ఊరూరికీ చేర్చిన ప్రభుత్వాన్ని ఆడవాళ్లు, మంచినీళ్లు రాని ఊరికి సారా ఎలా వస్తోందని నిలదీశారు. 1992లో జిల్లాలో సారా వేలం పాటలు అడ్డుకున్నారు, పాటలు మళ్లీ మళ్లీ వాయిదా పడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది.

ఆ రోజుల్లో 'ఈనాడు' ఈ ఉద్యమానికి విస్తారంగా చోటు ఇచ్చింది. 1989లో మొదలైన జిల్లా అనుబంధాల వల్ల ఊరి వార్త అచ్చులోకి రావడానికి ఒక దారి ఏర్పడింది. పక్క ఊళ్లో ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని పొద్దున్నే చదివి ఈ ఊళ్లో ఆడవాళ్లు బయలుదేరారు. దీని ప్రభావాన్ని తక్కువ చేయనక్కర్లేదు.

అయితే స్త్రీవాదులు అప్పుడే కొన్ని ప్రశ్నలు వేశారు. వీళ్లను ఎప్పుడూ తాగుబోతు మొగుళ్ల చేతిలో దెబ్బలు తిన్న అమాయక స్త్రీలుగానే ఎందుకు చూపించాలి? వాళ్లు అడిగినది కూలి గురించి, కాంట్రాక్టర్ల గురించి, సర్కారు ఆదాయం గురించి కూడా కదా? ఆ మాటలు ఎన్ని అచ్చయ్యాయి? 1997లో సంపూర్ణ నిషేధాన్ని సడలించినప్పుడు చర్చ అంతా ఖజానా లెక్కల చుట్టూ తిరిగింది. 1992లో పత్రికలు వెదుక్కుంటూ వెళ్లిన ఆ ఊళ్లకు అప్పుడు మళ్లీ వెళ్లి, మీరేమంటారని ఎందరు అడిగారు?

నెల్లూరు నుంచి నేను నేర్చుకున్నది ఇది. పత్రిక ఉద్యమాన్ని పెద్దది చేయగలదు. కానీ కథ ఎవరి నోట నడుస్తుందన్నది పత్రిక చేతిలోనే ఉండిపోతే, అవసరం తీరాక ఆ నోళ్లు మళ్లీ మూతపడతాయి.

క్లాసులో ఏం చెబుతున్నాం?

జర్నలిజం కోర్సుల్లో మొదటి రోజే ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని ఆరు ప్రశ్నలు నేర్పుతాం. నేను ఏడోది కలుపుతాను. 'దీన్ని ఎవరి దగ్గర తెలుసుకున్నావు?' అన్నది.

మొదటి వారం పని ఇది. ఒక పత్రిక జిల్లా పేజీలు వారం రోజులవి తీసుకుని, వార్తల్లో మాట్లాడిన ప్రతి మనిషి కిందా గీత గీయాలి. అధికారులకు ఎర్ర పెన్సిల్, నాయకులకు నీలం, మామూలు మనుషులకు పచ్చ. ఆడవాళ్లయితే పక్కన చుక్క. ఫలితం నేను చెప్పను, మీరూ చేసి చూడండి. పచ్చ గీత, దాని పక్కన చుక్క ఎక్కడ కనిపిస్తాయో, ఆ వార్త దేని గురించో చూడండి.

రెండో పని ఊరి పటం. అమెరికాలో రిచర్డ్ హార్వుడ్ అనే ఆయన ఒక ఊళ్లో మాటలు నడిచే చోట్లను ఐదు పొరలుగా విడగొట్టాడు. ప్రభుత్వ కార్యాలయాలు ఒకటి. సంఘాలు, కమిటీలు రెండు. జనం కలిసి కూర్చునే చోట్లు మూడు. దారిలో ఎదురుపడి మాట్లాడుకునే చోట్లు నాలుగు. ఇళ్లు ఐదు. విలేకరులు మొదటి రెండు పొరల్లోనే తిరిగి వచ్చేస్తారన్నది ఆయన మాట. దీన్ని మన ఊరికి వేసుకుంటే తహసీల్దారు ఆఫీసు, పంచాయతీ, డ్వాక్రా సంఘం మీటింగు, రేషన్ షాపు వరస, బోరింగు, నాట్లేసే చేను గట్టు, ఇంటి అరుగు. మగవాళ్లు కూర్చునే రచ్చబండకు, టీ కొట్టుకు మా అబ్బాయిలు సులువుగా పోతారు. ఆడవాళ్లు మాట్లాడుకునే చోటు ఏదని అడిగితే తలలు గోక్కుంటారు. దళితవాడలో ఆ చోటు ఎక్కడుందని అడిగితే చాలామందికి ఆ వీధే తెలియదు. ఆ రోజు నుంచి పాఠం మొదలవుతుంది.

ఒక ఉదాహరణ చెబుతాను. మా విద్యార్థులు ఆరుగురిని, ఇంటర్ మధ్యలో మానేస్తున్న ఆడపిల్లల మీద రాయమని ఒక మండలానికి పంపాను. సాయంత్రానికి వచ్చేశారు. ఆరు కథనాల్లోనూ ఒకే మాట ఉంది: 'తల్లిదండ్రుల్లో అవగాహన లోపం.' ఆ మాట వాళ్లకు ఒక అధికారి చెప్పారు, ఇంకో అధికారి సమర్థించారు. తిరగ్గొట్టి మళ్లీ పంపాను. ఈసారి మొదటి రోజు నోటు పుస్తకం తియ్యొద్దు, ఊరికే కూర్చుని వినండి అన్నాను.

రెండు రోజుల తర్వాత వాళ్లు తెచ్చిన విషయం వేరు. సాయంత్రం ఐదింటి బస్సు ఆపేశారు. తర్వాతి బస్సు ఏడున్నరకు. రోడ్డు మీద దిగి మూడు కిలోమీటర్లు చీకట్లో నడవాలి. దారిలో తాగి కూర్చునే మగవాళ్లు. 'పిల్లను ఆ దారిన ఎట్లా పంపుతాం? బడి మానిపించినాంక ఇంట్లో ఎన్నాళ్లు పెట్టుకుంటాం? సంబంధం వచ్చింది, చేసేసినాం' అని ఒక తల్లి చెప్పింది. ఆమెకు అవగాహన లేకపోవడం కాదు. ఆమెకున్న అవగాహనంతా ఆ మూడు కిలోమీటర్ల గురించే.

ఇప్పుడు ప్రశ్న మారింది, ప్రశ్న వేయవలసిన మనిషి కూడా మారాడు. పిల్లలు బస్సు ఎప్పుడు ఆపారు, ఎందుకు ఆపారు అని సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టారు. రాబడి చాలక ఆపామని జవాబు వచ్చింది. దాన్ని మా క్లాసు పత్రికలో వేశాం. ఒక దినపత్రిక జిల్లా పేజీలో తీసుకున్నారు. ఊరుకోకుండా మళ్లీ మూడుసార్లు రాశాం. నాలుగు నెలలకు బస్సు తిరిగి వచ్చింది. అప్పటికి మానేసిన తొమ్మిదిమంది పిల్లల్లో నలుగురికి పెళ్లిళ్లయిపోయాయి. ముగ్గురు మళ్లీ చేరారు. దీన్ని నేను విజయగాథ అనను. వార్త నాలుగు నెలలు ముందు వచ్చి ఉంటే ఆ నలుగురి లెక్క వేరుగా ఉండేది.

నేర్పేటప్పుడు నాకు ఎదురయ్యే పెద్ద కష్టం క్లాసులో లేదు. వీళ్లు రేపు చేరబోయే ఉద్యోగంలో ఉంది. మండలంలో వార్త రాసే కంట్రిబ్యూటరుకు జీతం ఉండదు, లైన్ అకౌంటు ఉంటుంది. అచ్చయిన సెంటీమీటర్లకు నాలుగు డబ్బులిస్తారు. పండక్కీ, నాయకుల పుట్టినరోజుకీ ప్రకటనలు తేవాలి. ఎవరి దగ్గర ప్రకటన తెచ్చాడో వాళ్లను ప్రశ్న అడగమంటే ఎలా అడుగుతాడు? 2009 ఎన్నికల్లో డబ్బు తీసుకుని అభ్యర్థుల ప్రచారాన్ని వార్తలుగా వేశారన్న ఆరోపణల మీద ప్రెస్ కౌన్సిల్ ఉపసంఘం వేసింది. పరంజయ్ గుహ ఠాకుర్తా, కె. శ్రీనివాస్‌రెడ్డి 2010లో ఇచ్చిన ఆ నివేదికను కౌన్సిల్ పూర్తిగా బయటపెట్టడానికే వెనకాడింది. ఓటరు తరఫున ప్రశ్న అడగవలసిన జాగాను అభ్యర్థికి అమ్మేయడం కన్నా పౌర పాత్రికేయానికి వ్యతిరేకమైనది ఇంకేముంటుంది? అందుకని విలేకరి పని పరిస్థితులు కూడా మన హక్కుల చర్చలో భాగం కావాలి. రాత్రి పూట ఇంటికి చేర్చే వాహనం లేక, మండలాల్లో ఆడపిల్లలకు ఈ పని ఇచ్చేవాళ్లు లేక, వార్త రాసేవాళ్లలో మనవాళ్లు ఎందరో చూడండి.

పత్రికా బడీ ఒకటే అయిన చోట

ఈ అడ్డంకులన్నీ దాటి, ఆడవాళ్లే నడిపినవి కొన్ని ఉన్నాయి. చిత్తూరు జిల్లాలో 2001లో పొదుపు సంఘాల గ్రామీణ మహిళలు 'నవోదయం' పత్రిక మొదలుపెట్టారు. రాయడం, ఫోటోలు తీయడం, అమ్మడం అన్నీ వాళ్లే. ఉత్తరప్రదేశ్‌లోని చిత్రకూట్‌లో 2002లో నిరంతర్ సంస్థ సాయంతో దళిత, గ్రామీణ స్త్రీలు బుందేలీ భాషలో 'ఖబర్ లహరియా' మొదలుపెట్టారు. ఆ పత్రికకు 2004లో చమేలీదేవి జైన్ పురస్కారం, 2009లో యునెస్కో అక్షరాస్యతా బహుమతి వచ్చాయి. తర్వాత వాళ్లు అచ్చు నుంచి ఫోన్లకు మారారు. వాళ్ల మీద తీసిన డాక్యుమెంటరీ 2022లో ఆస్కార్ తుది జాబితాకు వెళ్లింది.

జహీరాబాద్ దగ్గర మాచునూరులో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రసారాలు మొదలుపెట్టారు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతి 2006లో గానీ రాలేదు. ఆ అనుమతిలో కూడా సొంతంగా వార్తలు చెప్పకూడదన్న షరతు పెట్టారు. విత్తనాల గురించి, పంటల గురించి మాట్లాడుకోవచ్చు, వార్త మాత్రం చెప్పకూడదట! ఆ విత్తనం ధర ఎందుకు పెరిగిందో చెబితే అది వార్తా, ముచ్చటా?

ఈ చోట్ల నేర్చుకోవడమూ రాయడమూ ఒక్కటే పని. బడిలో నాలుగో తరగతి దాటని మనిషి తహసీల్దారు ముందు నిలబడి ప్రశ్న అడగడం, రాసుకోవడం, వచ్చి సరిచూసుకోవడం. పెద్ద పత్రికల డెస్కులు వీళ్ల దగ్గర నేర్చుకోవలసింది చాలా ఉంది.

పక్షపాతం అన్న మాట గురించి

ఇప్పుడు ఆ విమర్శకు వస్తాను. పాత్రికేయులు కార్యకర్తలైపోతే నిష్పాక్షికత ఏమవుతుందని అడుగుతారు. స్టవ్ పేలిన వార్త చూశారు కదా. అది నిష్పాక్షికమైన వార్తేనా? పోలీసు మాట ఒక్కటే రాసి, చనిపోయినామె తల్లి మాట రాయకపోవడం ఒక పక్షం వహించడమే.

అలాగని మీకు నచ్చని మాట ఒకటి కూడా చెప్పాలి. పౌర పాత్రికేయం అంటే పత్రిక మీ కరపత్రం కావడం కాదు. ఫలానా పరిష్కారమే సరైనదని విలేకరి ప్రచారం చేయకూడదు. సమస్యను జనం మాటల్లో పెట్టాలి, దారులు ఎన్ని ఉన్నాయో, ఏ దారికి ఎవరు ఎంత మూల్యం చెల్లించాలో చెప్పాలి. జవాబు వచ్చేదాకా ప్రశ్నను వదలకూడదు. పట్టుదల ప్రశ్న మీద ఉండాలి, మనకు నచ్చిన జవాబు మీద కాదు. రేపు మీ సంస్థకు వచ్చిన నిధుల గురించి, మీరు కుదిర్చిన రాజీ గురించి కూడా ఆ విలేకరి అడుగుతుంది. అడగాలి. 2005 ఉపాధి హామీ చట్టం కింద 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన సామాజిక తనిఖీల్లో, అంతకు ముందు రాజస్థాన్‌లో 1994 నుంచి మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ జరిపిన జన్ సున్‌వాయీల్లో మనం నేర్చుకున్నది అదే కదా. లెక్క అందరి ముందూ చదవాలి. అందరి లెక్కా చదవాలి.

ఇంకొక హద్దు ఉంది. జనం గొంతు వినిపించాలన్న ఉత్సాహంలో బాధితురాలిని బజారుకు ఈడవకూడదు. అత్యాచార బాధితురాలి పేరుగానీ, ఆనవాలు తెలిసే వివరాలుగానీ అచ్చు వేయడం 1983లో తెచ్చిన 228ఎ సెక్షన్ ప్రకారం నేరం. ఇప్పుడది న్యాయ సంహిత 72వ సెక్షన్. పిల్లల విషయంలో 2012 పోక్సో చట్టం 23వ సెక్షన్ ఉంది. పేరు మార్చి, ఊరూ వీధీ తండ్రి చేసే పనీ రాసేసి చట్టం పాటించామనుకునే వార్తలు రోజూ కనిపిస్తాయి. పేరు ఒక్కటి దాస్తే సరిపోదని క్లాసులో మళ్లీ మళ్లీ చెబుతాను. మీరు కూడా మీటింగుల్లో, ప్రెస్ నోట్లలో జాగ్రత్త పడండి.

మనం చేయగలిగినవి

కొన్ని పనులు చెప్పి ముగిస్తాను. ఇవేవీ పెద్ద నిధులు కావలసినవి కావు.

ఒకటి. ప్రెస్ నోటులో మీ డిమాండ్లతో పాటు, ఆ సమస్య అనుభవిస్తున్న వాళ్లు అడుగుతున్న మూడు ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే రాయండి. ఏ ప్రశ్నకు ఏ అధికారి జవాబు చెప్పాలో పక్కన రాయండి.

రెండు. విలేకరిని సభకు పిలిచి కుర్చీ వేయడం కన్నా, సభ లేని రోజున సంఘం మీటింగుకు పిలవండి. ఆ రోజు వార్త ఏమీ అడగకండి. వచ్చి వింటే చాలు.

మూడు. వార్తల రిజిస్టరు పెట్టండి. అచ్చయిన తేదీ, ఇచ్చిన హామీ, గడువు రాయండి. నెల తర్వాత ఆ కాగితంతో మళ్లీ డెస్కుకు వెళ్లండి. సమాచార హక్కు దరఖాస్తుకు ముప్పై రోజుల్లో జవాబు రావాలి. ఆ తేదీ కూడా రాసుకోండి.

నాలుగు. 73వ రాజ్యాంగ సవరణ 1993లో అమల్లోకి వచ్చి పంచాయతీల్లో స్త్రీలకు మూడో వంతు సీట్లు తెచ్చింది. ఇప్పటికీ విలేకరులు సర్పంచి ఇంటికి ఫోను చేసి, ఆమె భర్తతో మాట్లాడి, 'సర్పంచి తెలిపారు' అని రాస్తున్నారు. అలాంటి వార్త కనిపించిన ప్రతిసారీ సంపాదకుడికి ఉత్తరం రాయండి. సర్పంచిగా గెలిచిన మన అక్కలకు, ఫోను తామే ఎత్తి జవాబు చెప్పేలా తోడుండండి.

ఐదు. మీ దగ్గరలో జర్నలిజం కోర్సు ఉంటే, విద్యార్థులను మీ ఊళ్లకు పంపమని అడగండి. మా పిల్లలకు ఊరు తెలియదు, మీకు ఊరు తెలుసు. మీ సంఘంలో చదువుకున్న అమ్మాయి ఉంటే ఆ కోర్సులో చేర్పించండి. బయటి నుంచి వెళ్లి విని రాసేవాళ్లు ఎంత మంచివాళ్లయినా, ఆ మూడు కిలోమీటర్లు నడిచిన పిల్ల రాసినట్టు ఉండదు.

 ఇక మీ ప్రశ్నలు అడగండి.